కొట్టే కట్టెకు రంగులెందుకు?

ధరూరు బడిలో పదవ తరగతికి అలంకారాలు చెబుతూ ఒక పుస్తకంలోని బొమ్మ చూపించాను. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషు పోలీసు లాఠీ. మూరెడు గట్టికర్ర, నల్లని పూత మీద బంగారు రంగు కిరీటం, దాని కింద రాణి పేరిటి పొడి అక్షరాలు. "కొట్టే కట్టెకు ఈ రంగులెందుకు సార్?" అన్నాడొక పిల్లవాడు. మా ఎం.ఏ. తరగతిలో ఎవరూ వేయని ప్రశ్న అది.

1829లో లండను మెట్రోపాలిటన్ పోలీసు ఏర్పడక ముందు అక్కడి కానిస్టేబుళ్లకు యూనిఫారం లేదు. కర్ర మీది కిరీటమే వారి అధికారపత్రం. ఎత్తిన చెయ్యి తనది కాదు, రాజుది అని ఆ రంగులు చెప్పేవి. కనుక ఆ అలంకారం అందానికి అంటించినది కాదు, దెబ్బకు ఇచ్చిన హక్కు. ఆ పని యూనిఫారమే చేయసాగాక, పంతొమ్మిదో శతాబ్దం చివరికి రంగులు రాలిపోయాయి. కర్ర మిగిలింది.

1848 ఏప్రిల్ 10న వయోజన పురుషులందరికీ ఓటు కోరుతూ చార్టిస్టులు కెన్నింగ్టన్ మైదానంలో సభ జరిపారు. వారిని ఎదుర్కోవడానికి వేలాదిమందిని స్పెషల్ కానిస్టేబుళ్లుగా చేర్చుకున్నారు. తర్వాత ఫ్రాన్సు చక్రవర్తి అయిన లూయీ నెపోలియన్ వారిలో ఒకడు! ఇటువంటి స్పెషల్ కానిస్టేబుళ్ల కర్రలు నేడు బ్రిటిష్ మ్యూజియముల్లో అద్దాల వెనుక ఉన్నాయి. కర్ర జాతి, కాలం, చిహ్నం చెప్పే చీటీ, అది ఎవరి ఓటుకు అడ్డు నిలిచిందో చెప్పాలి కదా.

మన ప్రబంధాల కొలువుల్లోని వేత్రహస్తులను మేము అట్లాగే చదువుకున్నాము. బంగారు బెత్తాన్ని సభావైభవంగా వివరించి నేనూ మార్కులు తెచ్చుకున్నాను. ఆ బెత్తం వాకిట్లో ఎవరిని పక్కకు నెట్టిందో అడగలేదు.

మా ప్రాంతపు ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1949 నాటి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' కోసం కావ్యాల్లోంచి తిండి, బట్ట, ఆటపాటలు ఏరాడు. వర్ణనను సాక్ష్యంగా చదవడం ఆయన దగ్గర నేర్చుకోవలసిందే. కాని నా దృష్టిలో అది చాలదు. సాక్షి ఎవరి పక్షాన నిలబడి చెబుతున్నాడో కూడా విమర్శ తేల్చాలి.

అట్లని అలంకారమంటేనే పాలకవర్గపు సరుకని కొట్టిపారేసే మిత్రులతో నేను ఏకీభవించను. 1928 అక్టోబరు 30న లాహోరులో లాలా లజపతిరాయ్ మీద లాఠీలు పడ్డాయి. నవంబరు 17న ఆయన చనిపోయాడు. సామ్రాజ్యం అదే. ఆ దెబ్బకు బంగారు పూత అక్కరలేకపోయింది. నిరాడంబరంగా ఉన్నంత మాత్రాన వచనం ప్రజల పక్షమైపోదు. రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' చూడండి. పోలికల మీద పోలికలు పేర్చిన వచనం. ఆ పోలికలన్నీ ఠాణాలో, కోర్టులో నలిగేవాళ్ల వైపే మొగ్గుతాయి.

సారా కథలు పదో తరగతిలో పాఠం చెప్పలేను. ఆ పిల్లవాడికి మాత్రం నా ప్రతి ఇంటికిచ్చి పంపాను.