బొమ్మను చదవడం ఎవరు నేర్పాలి?

సాహిత్య విమర్శకు డ్రాయింగు పీరియడుతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. పని ఉంది. వస్తువు, శిల్పం, వాస్తవికత అనే మాటల మీద మనం దశాబ్దాలుగా వాదించుకుంటున్నాం. ఆ మాటలకు అర్థం మొదట తేలేది మాత్రం ప్రాథమిక పాఠశాలలో, అక్షరం ఇంకా పూర్తిగా పట్టుబడని పిల్లవాడు గీసిన గీతలో. ఆ గీతను చదవగల ఉపాధ్యాయుణ్ణి మన శిక్షణ విధానం తయారు చేస్తున్నదా? చేయడం లేదని నా అభిప్రాయం. ఇందుకు కృష్ణానగర్‌లో నేను స్వయంగా చూసిన ఒక చిన్న సంఘటన చెబుతాను.

కృష్ణానగర్ గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ మేడల్లో నిర్మాతలూ తారలూ ఉంటే, ఈ ఇరుకు గదుల్లో జూనియర్ ఆర్టిస్టులూ, లైట్‌మెన్లూ, సెట్లు వేసే వడ్రంగులూ, పెయింటర్లూ ఉంటారు. తెర మీద కనిపించే వైభవాన్నంతా మోసే చేతులు ఇక్కడివే. ఈ పేటలోని ఒక ప్రాథమిక పాఠశాలకు డి.ఎల్.ఇడి. చదివే విద్యార్థిని ఒకామె బోధనాభ్యాసానికి వచ్చింది. మూడో తరగతి పిల్లల్ని రాజుగారి కోట గీయమన్నది. దాదాపు అందరూ నల్లబల్ల మీది బొమ్మ చూసి రెండు బురుజులూ ఒక జెండా దించారు. ఒక పిల్లవాడు మాత్రం నిలువుగా, అడ్డంగా గీతలు గీసి, వాటి మధ్య కుంచె పట్టుకున్న మనిషిని నిలబెట్టాడు. "కోట ఏదిరా?" అని ఆమె అడిగితే, "ఇదే టీచర్, వెనక నుంచి" అన్నాడు. వాడి తండ్రి సెట్లకు రంగులు వేసే కార్మికుడు. వాడు చూసిన కోటకు వెనుకవైపు వెదురు గడలూ, ప్లైవుడ్డూ, మేకులూ ఉన్నాయి. ఆమె ఆ బొమ్మ మీద ఇంటూ గుర్తు పెట్టి, మళ్ళీ గీయమన్నది.

ఆ తరగతిలో వాస్తవికవాది ఎవరు? నిస్సందేహంగా ఆ పిల్లవాడే. మిగిలినవారు చూడని కోటను నకలు చేశారు. వాడు చూసిన కోటను, దాన్ని కట్టే శ్రమతో సహా, గీశాడు. మన కథకుల్లో ఎందరికో ఏళ్ళ తరబడి సాధన చేస్తే గాని అలవడని దృష్టి అది. దానికి దక్కింది ఇంటూ గుర్తు.

నేను ఆమెను నిందించడం లేదు. తర్వాత మాట్లాడినప్పుడు ఆమె దాపరికం లేకుండా చెప్పింది. రెండేళ్ళ శిక్షణలో బొమ్మల పని అంటే చార్టులు తయారు చేయడం, రికార్డు నింపడం. ఆ చార్టులు కూడా డబ్బిచ్చి గీయించుకున్నవే. "బొమ్మ నీటుగా ఉందో లేదో చెప్పగలను సార్. అందులో ఏముందో చూడమని మాకెవరూ చెప్పలేదు" అన్నది. మన విద్యావ్యవస్థ మీద ఇంతకు మించిన విమర్శ నేను రాయలేను.

కాగితం మీద లోటు లేదు. 2014 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి నిబంధనల ప్రకారం డి.ఎల్.ఇడి.లో లలితకళలకు చోటుంది. కాని ఉద్యోగానికి దారి తీసే టెట్ మొదటి పేపరు చూడండి. 150 మార్కుల్లో శిశు వికాసం, రెండు భాషలు, గణితం, పరిసరాల విజ్ఞానం ఒక్కోదానికి 30. బొమ్మకు ఒక్క విభాగం లేదు. 2009 విద్యాహక్కు చట్టం పార్ట్‌టైం కళాబోధకుణ్ణి 6 నుండి 8 తరగతులకు, అదీ పిల్లలు వందకు మించితేనే, ఇమ్మన్నది. 1 నుండి 5 వరకు ఆ మాటే ఎత్తలేదు. డ్రాయింగ్ మాస్టర్ల కొలువు హైస్కూళ్ళలో. అంటే బొమ్మే భాషగా ఉండే వయసులో పిల్లవాడికి దిక్కు తరగతి ఉపాధ్యాయుడు ఒక్కడే. అతనికి ఆ భాష రాదు.

ముందు చదవడం, రాయడం రానివ్వండి, బొమ్మలు తర్వాత అనేవారున్నారు. పిల్లవాడు రాయడానికి ముందే గీస్తాడు; చెప్పదలచుకున్నది ఉంటేనే రాస్తాడు. మరికొందరు పిల్లల్ని వాళ్ళ మానాన వదిలేస్తే చాలు, కళ దానంతటదే వికసిస్తుందంటారు. ఇది వినడానికి ఉదారంగా ఉన్నా, ఇంట్లో రంగులూ కాగితాలూ ఉన్న పిల్లలకే చెల్లే సిద్ధాంతం. సేవాగ్రామ్‌లో దేవీప్రసాద్ పిల్లలకు స్వేచ్ఛ ఇస్తూనే వాళ్ళ పక్కన ఉండి పనిచేశాడు. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ప్రచురించిన గ్రంథంలో పిల్లల బొమ్మల ఎదుగుదలను దశలుగా వివరించాడు. ఏడెనిమిదేళ్ళ వాడు గోడ గీసి లోపలి మనుషుల్ని కూడా చూపిస్తే అది పొరపాటు కాదని, తెలిసినదాన్ని గీయడమని ఉపాధ్యాయుడికి తెలిసి ఉంటే, ఎన్ని ఇంటూ గుర్తులు తప్పేవి!

మన తెలుగువారిలోనే మా గోఖలే ఉన్నాడు. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) చిత్రాలకు కళాధర్‌తో కలిసి కళాదర్శకుడుగా పనిచేసి కోటలు కట్టించినవాడు, 'బల్లకట్టు పాపయ్య' వంటి కథలు రాసి అట్టడుగు మనుషుల్ని సాహిత్యంలోకి తెచ్చినవాడు కూడా. కోటకు రెండువైపులూ ఎరిగినవాడు. అతని కథల మీద మాట్లాడే మనం అతని గీత మీద ఎంత మాట్లాడాం? బొమ్మను కథకు అలంకారంగా అచ్చువేసి ఊరుకున్నాం. టీచర్లకు బొమ్మ చదవడం రాదనే ముందు మనకు వచ్చా అని ప్రశ్నించుకోవాలి.

శిక్షణలో జరగవలసినవి మూడు. శిక్షణార్థి తన చేత్తో వారం వారం గీయాలి, చక్కదనం కోసం కాదు, కష్టం తెలియడం కోసం. పిల్లల బొమ్మలను పోగుచేసి, పిల్లవాడి మాటలతో కలిపి చదివి, చర్చించాలి. పరీక్ష దాని మీదే జరగాలి. మూడోది, ఆ ఊరి చేతిపనివాళ్ళను బడికి పిలవాలి. చేర్యాలలో నకాషీలు, కొండపల్లిలో బొమ్మలు చేసేవారు, కృష్ణానగర్‌లో సెట్టు పెయింటర్లు. ఫ్లెక్సీలు వచ్చి చేతిరాత బ్యానర్లను మింగేశాక కుంచె పక్కన పెట్టిన వారికి కూడా అక్కడ గౌరవ వేతనంతో చోటుండాలి. వారిని జనరల్ నాలెడ్జి ప్రశ్నగా మార్చేస్తే మాత్రం ప్రయోజనం లేదు.

ఆ పిల్లవాడు రెండోసారి అందరిలాగే రెండు బురుజులూ జెండా గీసి, 'గుడ్' అనిపించుకున్నాడు. మొదటి కాగితం నలిపి బల్ల కింద పడేస్తే నేను తీసి దాచాను. కథలో జీవితం లేదని రచయితలను నిలదీసే మనం, జీవితాన్ని గీసినందుకు తప్పు వేసే తరగతిని కూడా నిలదీయాలి. రేపటి రచయితా, రేపటి పాఠకుడూ ఆ తరగతిలోనే కూర్చున్నారు.