తేలికపాటి స్టాక్‌కు బిగువు

అమెరికాలో వేట కోసం తయారయ్యే చవక రైఫిళ్లలో చాలావాటికి స్టాక్, అంటే గొట్టాన్నీ యంత్రభాగాన్నీ మోసే పిడి, అచ్చుపోసిన ప్లాస్టిక్‌తో ఉంటుంది. కొండలెక్కే వేటగాడికి ఆ తేలికదనం వరమే అయినా, లక్ష్యసాధనకు దిగి రైఫిల్‌ను బైపాడ్ అనే రెండుకాళ్ల ఊతపై ఆనించి ముందుకు ఒత్తినప్పుడు, బోలుగా ఉన్న ముందుభాగం వంగి గొట్టాన్ని తాకవచ్చు. ఆ తాకిడి ఒక్కోసారి ఒక్కోలా ఉండటంతో గొట్టపు కంపనం మారి, తూటాలు ఒకేచోట పడవు.

దీన్ని సరిదిద్దే పనివారి నేర్పు మెచ్చదగినది. వారు లోపలి అరల అడ్డుగోడలకు రంధ్రాలు వేసి, వాటి గుండా కార్బన్ ఫైబర్ బాణపు కాడలనో అల్యూమినియం కడ్డీలనో పొడవునా దూర్చి, చుట్టూ ఎపాక్సీ, అంటే రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు, పోస్తారు. ఈ ప్లాస్టిక్‌కు జిగురు సులువుగా అంటదు కనుక ముందే గరుకుకాగితంతో లోపలంతా గీకుతారు. రంధ్రాల్లోకి పారి గట్టిపడిన జిగురు మేకులా పట్టు ఇస్తుంది. అసలు నిగ్రహమంతా పోయడంలోనే ఉంది: ఎపాక్సీ గట్టిపడుతూ వేడిని పుట్టిస్తుంది, ఒక్కసారే నింపితే స్టాకే వంకరపోవచ్చు, అందుకే పొరలు పొరలుగా పోసి, ఒక్కో పొర చల్లారేదాకా ఆగుతారు. ఆపై గొట్టానికీ స్టాక్‌కూ నడుమ కాగితపు ముక్కను జారిస్తే, బైపాడ్‌పై బరువు మోపినా అది ఎక్కడా చిక్కకూడదు. బరువు కొంత పెరుగుతుంది గానీ, పేల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే ఊపు తగ్గుతుంది కనుక గురికాడికి అదీ లాభమే.