ఎదమీద కట్టు

ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి నవజాత శిశు విభాగంలో నర్సుల పనితనం ఆ కట్టులో కనిపిస్తుంది. రెండు కిలోలైనా తూగని బిడ్డను తల్లి ఎదమీద బోర్లా పడుకోబెట్టాలి. కాళ్లు కప్పలా మడవాలి, మెడ వాలకూడదు, ముక్కుకున్న గొట్టం కదలకూడదు. ఆపైన గుడ్డతో బిగించాలి. మరీ బిగిస్తే ఊపిరాడదు, వదులైతే జారిపోతుంది. ఉయ్యాల కట్టినంత తేలిక కాదు.

బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే ఈ కంగారూ సంరక్షణ మొదలుపెడితే? 2017 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సమన్వయంతో ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా ఆస్పత్రులతో కలిసి ఈ కేంద్రం దీన్ని పరీక్షించింది. అందుకోసం ఐసీయూలోనే తల్లులకు మంచాలు వేశారు. బాలింతను గుమ్మం బయటే నిలిపే అలవాటున్న చోట ఇది మామూలు మార్పా! రోజుకు దాదాపు 17 గంటలు బిడ్డలు ఎదమీదే ఉన్నారు.

అధ్యయనంలో చేరిన బిడ్డలు 3,211 మంది. 28 రోజుల్లోపు మరణాలు మామూలు పద్ధతిలో 15.7 శాతమైతే, ఇందులో 12 శాతం. ఆ తేడా చూసి 2020లో అధ్యయనాన్ని ముందుగానే ఆపేశారు.

తల్లి లేవలేని రోజున అమ్మమ్మో పిన్నో మోయవచ్చు. ఆ కట్టు కూడా నర్సు చూడాల్సిందే.