సీతాకోకచిలుక: ఉపమానౌచిత్యవిచారము

ఉపమేయము, ఉపమానము, సాధారణధర్మము, ఉపమావాచకము అని యుపమకు నాలుగంగములు. సాధారణధర్మము లుప్తమైనను ఊహింపఁదగినదై యుండవలెను. లేనిచో నుపమానము వట్టిపేరుగా మిగులును. ఒక శాస్త్రమునఁ బుట్టిన యుపమానము వేఱొక శాస్త్రమునకును, అందుండి లోకవ్యవహారమునకును బోవునప్పుడు దారిలో జాఱిపోవునది తఱచుగా నీ ధర్మమే. సీతాకోకచిలుక చరిత్రమే యిందులకు నిదర్శనము.

ప్రాచీన గ్రీకుభాషలో జీవాత్మకును సీతాకోకచిలుకకును 'ప్సూఖే' యను నొక్కటే పేరు. అరిస్టాటిలు జంతువులనుగూర్చిన తన గ్రంథమున నా పేరే వాడెను. గొంగళిపురుగు చచ్చినట్లు పడియుండి ఱెక్కలతో వెలువడుట, దేహమును విడిచిన యాత్మవలెఁ దోఁచుట సహజమే. కాని 17వ శతాబ్దిలో డచ్చిపండితుఁడు స్వామర్‌డామ్ గొంగళిపురుగును గోసిచూచి, ఱెక్కల యంకురములు చర్మముక్రింద ముందే యున్నవని చూపెను. మరియా సిబిల్లా మేరియన్ అను చిత్రకారిణి 1699లో సూరినామునకుఁ బోయి, ఏ పురుగు ఏ యాకు తిని యే రూపము దాల్చునో కనిపెట్టి చిత్రించి 1705లో గ్రంథముగాఁ బ్రకటించెను. గూటిలోఁ బాతదేహము చాలవఱకుఁ గరఁగును గాని సమూలముగా నశింపదు. సీతాకోకచిలుకకు దగ్గఱచుట్టమగు నొక రాత్రించరకీటకమునకు, గొంగళిదశ చివర నేర్పిన వాసనాభీతి ఱెక్కలు వచ్చిన పిదపఁ గూడ నిలిచియుండెనని 2008లో వెలువడిన పరిశోధన తెలిపినది. కావున నిక్కడి సాధారణధర్మము దేహత్యాగము గాదు, ఏకవ్యక్తి పరిణామము. ఉపమ చెడలేదు, దాని యర్థము దిద్దఁబడినది.

మన భ్రమరకీటన్యాయమునకు సైత మిట్టి పరీక్ష కలదు. భయమున భ్రమరమునే ధ్యానించిన కీటము తానును భ్రమర మగునని న్యాయము. నిజమునకుఁ గందిరీఁగ పురుగును గుట్టి చేష్టలుడిగించి, మట్టిగూటఁ జేర్చి, దాని గ్రుడ్డునుండి పుట్టిన పిల్ల కాహారము చేయును. వెలువడునది యా పిల్లయే. గూటఁ జేరినది గొంగళిపురుగైనచో, విడిచిపెట్టఁబడియుండిన నదియే ఱెక్కలు దాల్చియుండెడిది. న్యాయము చెప్పిన పరిణామము కలదు; చెప్పినచోట లేదు.

ఇప్పుడు మిక్కిలి ప్రచారముననున్నది 'సీతాకోకచిలుక ప్రభావ'మను మాట. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున వాతావరణశాస్త్రజ్ఞుఁడు ఎడ్వర్డ్ లోరెంజ్ 1961లోఁ గంప్యూటరుపై నొక లెక్కను నడుమనుండి మరల నడుపఁబూని, 0.506127 అను సంఖ్యకు మాఱుగా, కుదించి ముద్రింపఁబడిన 0.506 అను సంఖ్య నిచ్చెను. మొదట రెండు లెక్కలును గలిసి నడచెను. కొంతదూరము సాగఁగాఁ బోలికయే లేకపోయెను. ఈ తత్త్వమును 1963లోఁ బ్రకటించినప్పు డాతఁ డొకచోఁ జెప్పిన దృష్టాంతము సముద్రపక్షి ఱెక్క. 1972 డిసెంబరులో వాషింగ్టనులోని ప్రసంగమున కాతఁడు శీర్షిక నందింపకపోఁగా, ఫిలిప్ మెరిలీస్ అను శాస్త్రజ్ఞుఁడు, బ్రెజిలులో సీతాకోకచిలుక ఱెక్కలార్చుట టెక్ససులో సుడిగాలిని బుట్టించునా యను ప్రశ్నను శీర్షికగాఁ బెట్టెను.

శీర్షిక ప్రశ్నార్థకము, లోకము దానిని నిశ్చయార్థకముగాఁ జదివినది. సుడిగాలికిఁ జిలుక కర్త యైనది. పాణినీయమున స్వాతంత్ర్యము గలవాఁడే కర్త. వానిని బ్రేరేపించువాఁడు హేతువు. ఈ ప్రాణియందు రెండును గానరావు. ఒక యార్పు సుడిగాలిని బుట్టింపఁగలిగినచో నట్లే యాపఁగలదనియు, తక్కిన లెక్కలేని చిలుకల యార్పులకును నంతే బల మనియు లోరెంజే యా ప్రసంగమునఁ జెప్పెను. అన్వయవ్యతిరేకములు నిలువనిచోఁ గారణమును నిర్ణయించు టెట్లు? కావున నిచటి సాధారణధర్మము అల్పకారణమునకు మహాకార్యము గలుగుట గాదు. మొదటి స్థితిని గూర్చిన జ్ఞానమందలి యల్పలోపము పెరిగి పెరిగి, భవిష్యజ్జ్ఞానమునకు హద్దు గీయుట. అందుచేతనే నేఁటి వాతావరణశాస్త్రజ్ఞు లొక్క లెక్కతోఁ దనియక, మొదటి యంకెలను గొంచెము మార్చి పలుమాఱులు లెక్కింతురు. తుపాను మార్గమును ఒక గీఁతగాఁ గాక, పోనుపోను వెడల్పగు ప్రదేశముగాఁ జూపుదురు. ఆ వెడల్పు శాస్త్రజ్ఞుల చేతకానితన మనుకొను తీరవాసి, గీఁత తన యూరిమీఁద లేదని యింటనే నిలిచినచోఁ బ్రాణమునకే ముప్పు.

నీతిబోధకులును, ఆర్థికశాస్త్రవ్యాఖ్యాతలును, చరిత్రరచయితలును నీ యుపమానమును దలక్రిందు చేసి, చిన్నపనిచే లోకమును మార్పవచ్చునని చెప్పుచున్నారు. మానవజ్ఞానపరిమితికి గుఱుతైనది మానవశక్తికి స్తోత్ర మైనది. వారి యర్థము లోరెంజు మతముకంటె, గతకాలమునకుఁ బోయినవాఁ డొక సీతాకోకచిలుకను ద్రొక్కఁగా వర్తమానమే మాఱినట్లు రే బ్రాడ్‌బరీ 1952లో వ్రాసిన కథకు దగ్గఱ. కథకు దోషము లేదు. కథను శాస్త్రముగాఁ జూపుట దోషము.

చకోరము వెన్నెల త్రాగుననియు, హంస పాలునీళ్లు వేఱుచేయుననియు నొప్పుకొన్నవారి కీ పట్టు దల యేల యని యాక్షేపింపవచ్చును. కవిసమయము తాను సమయ మనియే చెప్పుకొనును. చకోరమును సాక్షిగా నిలిపి చంద్రునిగూర్చి సిద్ధాంతము చేసిన కవి లేఁడు. సీతాకోకచిలుక ప్రభావ మట్లు గాదు. అది యలంకారముగాఁ గాక ప్రమాణముగాఁ జెప్పఁబడుచున్నది. ప్రమాణమను పేరు పెట్టినచోఁ బరీక్షకు నిలువవలెను.

కావునఁ బాఠము చెప్పువారు శాస్త్రమునుండి యుపమానమును దెచ్చునపుడు దాని సాధారణధర్మమును స్పష్టముగాఁ జెప్పుట విధి. ధర్మము విడిచి పేరు మాత్రము నేర్చిన విద్యార్థికి, గాలిని గూర్చియుఁ దెలియదు, చిలుకను గూర్చియుఁ దెలియదు.