మంజీర మట్టిలో వానల చిట్టా

కందకుర్తి దగ్గర మంజీర వచ్చి గోదావరిలో కలుస్తుంది. బోధన్ రేగళ్ల మీద కురిసిన వాన, దానితో కొట్టుకొచ్చిన నల్లమట్టి అక్కడి నుంచే సముద్రం దారి పడతాయి. 2006లో గ్యాస్ హైడ్రేట్లు, అంటే సముద్రం అడుగున మంచులో చిక్కుకున్న సహజవాయువు, వెతకడానికి వచ్చిన జోయిడెస్ రిజల్యూషన్ ఓడ, గోదావరి కలిసే చోటికి ఎదురుగా, కిలోమీటరుకు పైగా లోతున్న సముద్రపు అడుగులో గొట్టం దించి ఆ ఒండ్రును పొర చెదరకుండా పైకి తీసింది. కామిలో పోంటన్, లివియు జోసాన్ బృందం అందులో వేల ఏళ్ల వానలను చదివి 2012లో లోకానికి చెప్పింది. ఎంతటి పనితనం!

వాళ్లు చదివింది ఆకుల మైనాన్ని. చేమాకు మీద నీటిబొట్టు నిలవక జారిపోయేది ఆ మైనపు పూతవల్లే. ఆకు కుళ్లిపోయినా మైనం వేల ఏళ్లు మట్టిలో ఉండిపోతుంది. మొక్కలు గాలి నుంచి తీసుకునే కార్బన్‌లో తేలికది, బరువుది అని రెండు రకాలున్నాయి. ఎండకు, కరువుకు తట్టుకునే వేడి నేలల గడ్డిజాతుల్లో బరువు కార్బన్ పాలు కాస్త ఎక్కువ, చెట్లలో తక్కువ. ఆ తేడా వెయ్యింటికి ఇన్ని పాళ్లని లెక్కగట్టేంత సన్నం. చిటికెడు మట్టిలోంచి మైనాన్ని వేరుచేసి ఆ సన్నపు తేడాను పట్టుకోవాలి. అలా పట్టుకుంటే తేలింది ఇది: సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి దాకా గోదావరి నేలలో కరువును ఓర్చే మొక్కలు పెరుగుతూ పోయాయి. నేల ఎండి, సేద్యం పెరిగాక దక్కన్ మట్టి సముద్రానికి మరింతగా కొట్టుకుపోయిందనీ ఆ ఒండ్రే చెప్పింది.

ఈ విద్యలో మనవాళ్లు ఎవరికీ తీసిపోలేదు. రామన్ సుకుమార్, ఆర్. రమేశ్ తదితరులు నీలగిరి కొండల్లోని పీట్‌ను, అంటే నీళ్లలో సగం కుళ్లి గట్టిపడిన గడ్డిగాదాన్ని, ఇదే కార్బన్ లెక్కతో చదివి 20,000 ఏళ్ల చరిత్రను 1993లో 'నేచర్' పత్రికలో అచ్చువేయించారు. మహారాష్ట్రలోని లోనార్ సరస్సు అడుగున దొరికిన గేలుసైట్ స్ఫటికాలు ఇంకో అద్భుతం. నీళ్లు ఇంకి ఉప్పదనం ముదిరినప్పుడే అవి పుడతాయి కాబట్టి స్ఫటికం ఉన్న పొర అంటే కరువున్న కాలం. ఇక ఏ కాలంలో ఏ మొక్కలు పెరిగాయో తేల్చడానికి లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థలో పుప్పొడి రేణువులను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా లెక్కపెట్టే వాళ్ల ఓర్పుకు చేతులెత్తి మొక్కాల్సిందే. కంప్యూటర్ గీసిన ఏ పటమూ ఆ కళ్లకు సాటిరాదు.

అందుకే అరకొర చదువులు చూస్తే ఒళ్లు మండుతుంది. చెరకు, జొన్న, మక్క కూడా బరువు కార్బన్ జట్టే. వరి, పసుపు, టేకు రెండో జట్టు. మంజీర మీది నిజాంసాగర్ కాలువలు పారి, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిశాక ఇక్కడ చెరకు తోటలు విరివిగా లేచాయి. ఆ కాలపు ఒండ్రులో చెరకు మైనాన్ని చూసి కరువొచ్చిందని రాసేవాడు, నీళ్లు పుష్కలంగా పారిన రోజులనే ఎండగట్టినట్టు! పుప్పొడి చూడకుండా, కార్బన్-14తో వయసు తేల్చకుండా ఒక్క గీత చూపించి, వేల ఏళ్లలో ఇలాంటి వాన లేదని టీవీలో అరవడం ఆ జాతి పనే.

అసలు బాధ ఇంకోటి. 1931లో పూర్తయిన నిజాంసాగర్‌లో 1970ల నాటికే సగానికి మించి పూడిక చేరింది. నీళ్లకు అది నష్టం, నిజమే. కానీ మంజీర ఏ ఏడు ఎంత మట్టి మోసిందో చెప్పే చిట్టా కూడా అదే. చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ కూడా 2015లో అప్పటి నిజామాబాద్ జిల్లాలోని సదాశివనగర్‌లోనే మొదలైంది. చెరువుమట్టి పొలాలకు బలమిచ్చింది, ఆ మేలును ఎవరూ కాదనరు. అయితే జేసీబీ తొట్టిలో పడ్డాక కింది పొర, మీది పొర ఏకమైపోతాయి. తాతలనాటి వాన, నిన్నటి వాన కలిసిపోయాక ఎంతటి నిపుణుడూ వాటిని విడదీయలేడు.

అడిగేది పెద్దదేమీ కాదు. వచ్చే ఎండాకాలం ఏ చెరువులోనైనా పూడిక తీసే ముందు, నడిచెరువులో ఒక్క గొట్టం నిలువుగా దించి, తీసిన మట్టికడ్డీకి పేరూ తేదీ రాసి, చల్లటి గదిలో దాచాలి. నిజామాబాద్ కాలేజీ పిల్లలు ఒక్క పూటలో చేయగల పని ఇది. జేసీబీ వచ్చేది ఆ మధ్యాహ్నమైనా ఫరవాలేదు.