అతుకు కింద వేరు

రంపచోడవరం పక్కనే పందిరిమామిడి. ఊరి పేరులోనే మామిడి ఉంది, ఉద్యాన విశ్వవిద్యాలయం వారి పరిశోధన స్థానమూ అక్కడే ఉంది. కొండరెడ్లు, కోయలు జీడితోటలు వేసుకున్న ఆ వైపు, జీడిమామిడికి అంటు కట్టే చేతులను ఒక్కసారి చూడాలి. 45 నుంచి 60 రోజుల మొలకను జానెడు ఎత్తున కోసి, కాండాన్ని నడిమికి చీలుస్తారు. వారం పది రోజుల ముందే ఆకులు గిల్లి ఉంచిన తల్లిచెట్టు కొమ్మను, పెన్సిలంత లావుదాన్ని, రెండు వైపులా చెక్కి అందులో దించుతారు. కత్తి రెండోసారి ఆడదు. రెండింటి లావు సరిపోకపోతే కనీసం ఒక పక్కనైనా బెరడుకు బెరడు కలిపి తీరతారు. పాలిథిన్ చుట్టే వేగానికి మనకు రెప్ప వాల్చే తీరిక ఉండదు. ఎంత పనితనం!

మలిహాబాద్‌లో కలీముల్లా ఖాన్ ఒకే మామిడి చెట్టు మీద 300కు పైగా రకాలు నిలిపి 2008లో పద్మశ్రీ అందుకున్నారు. మన కడియపులంకలో పల్లా వెంకన్న పోలియోను లెక్కచేయక నర్సరీని నిలబెట్టారు. ఇంత విద్య ఉన్న చోట, అతుకు కింద ఏ వేరు ఉందని అడిగేవారే కరువయ్యారు.

పండు రుచి పైకొమ్మది, దాహం వేరుది. ఎంత లోతు నుంచి నీరు తోడాలో, ఎంత జోరుగా పైకి పంపాలో చాలావరకు వేరు తేలుస్తుంది. నేల ఎండుతుంటే వేరు నుంచి కబురు వెళ్లి ఆకుల రంధ్రాలు మూసుకుంటాయి. చలిదేశాల్లో చెర్రీని, చెట్టును పొట్టిగా ఉంచే గిసెలా అనే వేరు మీద కడతారు. అతుకు దగ్గర నీటిగొట్టాలు సన్నం, వాటి సంఖ్యా తక్కువే. అందుకే ఆ తోటకు తడి తప్పకూడదు. మన బత్తాయికి వాడే రంగపూర్ నిమ్మ వేరు బెట్టకు జంకదు. బ్రెజిల్‌లో సావోపాలో తోటలు దశాబ్దాలపాటు నిలిచింది ఆ వేరు మీదే.

మరి మన మామిడికి? జ్యూస్ ఫ్యాక్టరీ కుప్పలో దొరికిన టెంక! మన రకాల్లో చాలావాటి టెంకకు ఒకటే మొలక, అది తల్లిని పోలదు. వంద అంటులకు వంద రకాల వేళ్లు. పైగా నెలల తరబడి చిన్న సంచిలో ఇరికిస్తారు. బంగినపల్లి అని చీటీ కట్టి నాకు అమ్మిన మొక్కలు మూడో వేసవికి ఎండిపోయాయి. తవ్వి చూస్తే తల్లివేరు సంచి ఆకారంలోనే చుట్ట చుట్టుకుని ఉంది, జానెడు కూడా కిందికి దిగలేదు. ఇది మొక్కల వ్యాపారం కాదు, రైతును నిలువునా ముంచడం. కాలువ ఎక్కని, బోరు పడని మన్యం వాలులో అలాంటి మొక్క ఎన్నేళ్లు బతుకుతుంది?

అయ్యా, తొలకరికి గోతిలోనే నాటు టెంక పాతండి. తల్లివేరును రాళ్ల సందుల్లోకి దిగనివ్వండి. మొక్క అందుకున్నాక అక్కడే అంటు కట్టించండి. నర్సరీకే వెళ్లాల్సి వస్తే, రకం పేరు అడిగిన నోటితోనే వేరు ఏ చెట్టుదో కూడా అడగండి.