‘ప్రేమోన్మాది’ - రాజేశ్వరి

ప్రేమ గురించి తెలుగులో గుర్తుండిపోయిన వాక్యాల్లో చాలా వరకు చలానివే. కథ నుంచీ పాత్ర నుంచీ విడదీసి వాటిని సూక్తులుగా వాడుకోవడం మనకు అలవాటు. పత్రికలు కూడా మనకొక మాటనిచ్చాయి: ‘ప్రేమోన్మాది’. వరంగల్‌లో సాహిత్యం చదివిన నాకు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడక తప్పదనిపిస్తుంది.

2008 డిసెంబర్ 10న ఈ ఊళ్ళో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఒకమ్మాయి ఆ నెలాఖరున చనిపోయింది. నిందితులు ముగ్గురూ దాడి జరిగిన కొద్ది రోజులకే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. కోర్టులో విచారణ జరగలేదు. సాక్ష్యంగా చెప్పాల్సిన నిజం చెప్పకుండానే మిగిలిపోయింది. ఇలాంటి ప్రతి దాడికీ శీర్షికల్లో మిగిలేది ‘ప్రేమోన్మాది’ అన్న మాటే.

ఆ సమాసాన్ని విడదీసి చూడండి. ‘ప్రేమ’ అతని కోరికకు గౌరవాన్నిస్తుంది. ‘ఉన్మాదం’ అతన్ని బాధ్యత నుంచి తప్పిస్తుంది. ఆ అమ్మాయి అన్న ‘వద్దు’కు అందులో చోటే లేదు. మగవాడి అధికారం మానవ స్వభావంగా మారిపోయేది ఇలాగే. ఒకప్పుడు ‘స్టవ్ పేలి గృహిణి మృతి’ అని రాసిన వార్తల వెనక వరకట్న హత్యలున్నాయని స్త్రీల ఉద్యమాలే చెప్పాయి. పేరు మారాకే నేరం కనిపించింది. 2013లో శిక్షాస్మృతిలో చేరిన 326ఎ సెక్షన్ యాసిడ్ దాడిని దాడిగానే చూసింది. అందులో ప్రేమ ప్రస్తావన లేదు.

మరి 1927 నాటి ‘మైదానం’? అమీర్‌లోనూ మొరటుదనం, అసూయ ఉన్నాయి. రాజేశ్వరిని గర్భం తీయించుకోమని పట్టుబడతాడు. నవల రక్తంతోనే ముగుస్తుంది. మగవాడి హింసకు చలం ప్రేమ కాంతినద్దాడన్న విమర్శను నేను కొట్టిపారేయలేను.

అయినా ఒక తేడా ఉంది. ఇక్కడ కథ చెబుతున్నది రాజేశ్వరి. కోరిక ఆమెది, నిర్ణయం ఆమెది. ప్లీడరు భర్త ఇంటి గడప దాటడంతో మొదలైన ఆ ప్రేమ అంతకుముందే ఒక ‘వద్దు’. ఆ పారవశ్యాన్నీ, అందులో తాను పడ్డ బాధనూ ఆమే చెప్పింది కాబట్టి అమీర్‌ని తప్పుపట్టడానికి కావలసిన ఆధారాలన్నీ ఆమె మాటల్లోనే దొరుకుతాయి. చలం సమర్థించినా, ఆమె చెప్పింది మనకు మిగిలే ఉంటుంది. సూక్తిగా కత్తిరించిన వాక్యంలో మాత్రం ఆమె ఉండదు, శీర్షికలో ఆ అమ్మాయి లేనట్టే.

అందుకే ‘మైదానం’ పాఠం చెప్పేటప్పుడు స్వేచ్ఛా ప్రేమ దగ్గర ఆగిపోకూడదు. రాజేశ్వరి ఎప్పుడెప్పుడు ‘వద్దు’ అంది, ఆ మాటను ఎవరు విన్నారు, ఎవరు వినలేదు అన్నదీ తరగతిలో అడగాలి. వార్త రాసేవాళ్ళనూ అదే అడగాలి.